డెబ్బై మాటల్లో రోము ఓటమి

2019 జనవరిలో నన్ను రాతప్రతుల ప్రదర్శనకు టెక్స్ట్ ఎడిటర్‌గా వేశారు. సింగపూర్‌లో నేను పనిచేసిన మ్యూజియం ప్రైవేటుది, చిన్నది. అప్పటికి అక్కడ నా ఉద్యోగం ఇరవై ఏళ్లు దాటింది, రిటైర్మెంటు దగ్గర పడుతోంది. మ్యూజియంలో ఎడిటర్‌కు పనేముంటుందని మా ఒంగోలు బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. అద్దాల పెట్టెలో పెట్టిన వస్తువు పక్కన చిన్న అట్ట ఉంటుంది. దాని మీద రాసిన నాలుగు ముక్కల్లో తప్పు లేకుండా చూడటమే నా పని. ఆ అట్టను లేబుల్ అంటాం, ఆ పెట్టెను కేసు అంటాం. లేబుల్ డెబ్బై మాటలు మించకూడదు. నిలబడి చదివే మనిషి అంతకన్నా ఎక్కువ చదవడు.

డెబ్బై మాటలే కదా, ఒక పూటలో అయిపోతుందనుకుంటారు. కాదు. వస్తువులను ఎంచి, వాటి గురించి చదివి, మొదటి ప్రతి రాసేది క్యూరేటరు. దాన్ని నేను కత్తిరిస్తాను. తర్వాత అది బయటి నిపుణులు ఇద్దరికి వెళుతుంది. వాళ్లను రీడర్లు అంటాం. ఒక రీడరు ఎవరో రెండో రీడరుకు తెలియనివ్వం, మొహమాటాలు ఉండకూడదని. వాళ్ల అభ్యంతరాలకు జవాబు చెప్పుకున్నాక డైరెక్టరు సంతకం పెడతారు. ఆ సంతకం పడ్డాకే మలయ్, చైనీస్, తమిళ అనువాదాలకు పంపుతాం. అక్కడి నుంచి ఒక్క ఇంగ్లీషు మాట మార్చినా నాలుగు భాషల్లోనూ పని మళ్లీ మొదలవుతుంది.

ఆ ప్రదర్శనలో పదకొండో కేసు షకీలాది. షకీలా కర్నూలు అమ్మాయి, ముప్పై దాటిన వయసు, సింగపూర్‌లోనే పరిశోధన చేసి పీహెచ్‌డీ తెచ్చుకుంది. అరబ్బీ, గ్రీకు రెండూ చదవగలిగిన మనిషి మా మ్యూజియం మొత్తంలో ఆమె ఒక్కతే. హోదా మాత్రం అసిస్టెంట్ క్యూరేటరు, అదీ కాంట్రాక్టు మీద. ఈ ప్రదర్శన అయ్యాక ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో తేలుస్తామని ఆమెకు ముందే చెప్పారు. పూర్తిగా తన చేతికి ఇచ్చిన మొదటి కేసు అది. మొదటి రోజు నా పేరు చూసి, దగ్గరికి వచ్చి, "మేడమ్, మీది యా ఊరు?" అని తెలుగులో అడిగింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం ఇద్దరం కలిసే చేసేవాళ్లం.

కేసులో పెట్టాల్సినవి రెండు వస్తువులు. ఒకటి మలేషియాలోని తెరెంగానులో నకలు చేసిన ఖురాన్ రాతప్రతి, ముప్పయ్యో అధ్యాయం దగ్గర తెరిచి ఉంచుతాం. ఆ అధ్యాయం పేరు రూమ్, అంటే రోమన్లు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఏలిన తూర్పు రోమన్లు వాళ్లు. రెండోది ఆ కాలంలోనే రోము చక్రవర్తి ముద్రించిన చిన్న బంగారు నాణెం. ఒక వైపు చక్రవర్తి, ఆయన కొడుకు, రెండో వైపు సిలువ.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన షకీలాదే. దగ్గరి నేలలో రోమన్లు ఓడిపోయారని, కొద్ది ఏళ్లలోనే మళ్లీ గెలుస్తారని ఆ అధ్యాయం మొదట్లో ఉంటుంది. అరేబియా బయట ఆ రోజుల్లో జరిగిన పెద్ద యుద్ధం ఖురాన్‌లో పేరుపెట్టి కనిపించే చోటు అది. అదే యుద్ధం గురించి గ్రీకులో రాసిన క్రైస్తవులు ఉన్నారు. 614లో పర్షియన్లు జెరూసలేం పట్టుకున్నారని, 628 నాటికి రోమన్లు గెలిచి సంధి చేసుకున్నారని వాళ్ల రాతల వల్ల తెలుస్తోంది. ఒకే యుద్ధం, రెండు వేర్వేరు చోట్ల దాని మాట. చూసేవాళ్లు రెండూ ఒక్కచోట చూడాలన్నది ఆమె కోరిక. నాకూ నచ్చింది. ఆమె ప్రతిలో నేను తీసేసినవి రెండు విశేషణాలు మాత్రమే.

రీడర్ల నుంచి జవాబులు వచ్చాక మొదలైంది అసలు బాధ.

మొదటి రీడరు ప్రొఫెసర్ గోమెజ్, ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. గెలుస్తారని ఆ అధ్యాయంలో ఉంది అని రాస్తే, జరగబోయేది ముందే చెప్పినట్టు మ్యూజియం ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అభ్యంతరం. ఆ అధ్యాయం ఎప్పటిదో ముస్లిం సంప్రదాయం తప్ప బయటి ఆధారం ఏదీ చెప్పదు, కాబట్టి 'ఆ కాలపు యుద్ధ వార్తలను ఈ అధ్యాయం ప్రతిబింబిస్తుంది' అని మార్చమన్నారు. రెండో రీడరు ఉస్తాజ్ హమీద్. ఉస్తాజ్ అంటే ఇక్కడి మలయ్ ముస్లింలలో మతవిద్య చెప్పే గురువు. 'ప్రతిబింబిస్తుంది' అన్న మాట చూసి ఆయన, దైవవాక్కు వార్తల సారాంశం కాదని రాశారు. 'ముందే చెప్పింది' అని రాయాలి, గ్రీకు చరిత్రలు దాన్ని 'రుజువు చేశాయి' అని కూడా చేర్చాలి అన్నారు. అలా చేర్చి పంపితే ప్రొఫెసరు 'రుజువు' కింద ఎర్రగీత గీసి, మ్యూజియం ప్రార్థనామందిరం కాదని అంచున రాశారు. 'ప్రస్తావిస్తుంది' అని మారిస్తే ఉస్తాజ్‌కు అది చప్పగా ఉంది. 'సూచిస్తుంది' అంటే ప్రొఫెసరుకు అది దొంగతనంగా తెచ్చిన 'ముందే చెప్పింది' అనిపించింది.

ప్రతి విడతకూ వారం పడుతుంది. ఎన్ని ప్రతులు తయారయ్యాయో లెక్కపెట్టడం నేను మానేశాను. నాకు మతం మీదా కోపం లేదు, చరిత్ర మీదా లేదు. నా కోపమంతా క్రియాపదాల మీదే. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో రసాయన కర్మాగారంలో ఇంజినీరు. పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌కు వెళ్లి ఈ గోడు చెప్పుకుంటే, మా దగ్గర వాల్వు తెరిచి ఉందా మూసి ఉందా అనేదాని మీద ఇద్దరు ప్రొఫెసర్లు ఆరు వారాలు ఉత్తరాలు రాసుకోరు అని నవ్వాడు. ఆ వారం మొత్తం నేను ఆయనతో పని కబుర్లు చెప్పలేదు.

వీటికి తోడు, ఇద్దరు రీడర్లూ లేబుల్ వదిలిపెట్టి షకీలా మీద పడ్డారు. ఆమె ఎవరో వాళ్లకు తెలుసు, మొదటి ప్రతి మీద క్యూరేటరు పేరు ఉంటుంది. రచయిత్రి నమ్మకం ఆమెను విషయానికి దూరంగా నిలబడనివ్వడం లేదేమోనని ప్రొఫెసరు రాశారు. రచయిత్రి పాశ్చాత్య పండితుల పుస్తకాలు ఎక్కువ చదివినట్టుంది, ఎవరైనా గురువు దగ్గర కూర్చుంటే మంచిదని ఉస్తాజ్ రాశారు. అవి ఆమెకు చూపించకుండా ఉండటానికి వీల్లేదు. నియమం ప్రకారం రీడరు రాసిన ప్రతి అక్షరం క్యూరేటరుకు అందాలి.

ఆమె అవన్నీ చదివింది. మరుసటి ప్రతి ఎప్పటికి కావాలని మాత్రం అడిగింది.

మార్చిలో డైరెక్టరు మిసెస్ చువా నన్ను తన గదికి పిలిచారు. ఆమె చెడ్డ మనిషి కాదు, మ్యూజియానికి దాతలను తెచ్చి నిలబెట్టింది ఆమే. ఈ గొడవ ఇక చాలన్నారు. నాణేన్ని తీసి నాణేల కేసులో పెట్టేయమన్నారు. రాతప్రతి దగ్గర బంగారు సిరా గురించి, అంచుల మీది పూల గురించి రాయమన్నారు. రోమన్లూ వద్దు, పర్షియన్లూ వద్దు. ఎందుకంటే మనుషుల మనసు నొచ్చుకుంటుంది. ఏ మనుషులని అడిగాను. నీకు తెలుసు కదా లా, అని ఇక్కడి యాసలో అన్నారు. ఎవరైనా ఫిర్యాదు చేశారా అంటే లేదు. రాతప్రతి అరువిచ్చిన కుటుంబం ఏమైనా అన్నదా అంటే వాళ్లను అడగనే లేదు. నొచ్చుకుంటారా అని ఒక్క ముస్లింను కూడా అడగకుండా ముస్లింలు నొచ్చుకుంటారని తేల్చేశారు. ఉన్న ఒక్క ముస్లిం ఉద్యోగి రాసిన లేబుల్‌ను తీసేసి, ఆ పని నన్ను చేయమంటున్నారు. షకీలా ఈ విషయానికి మరీ దగ్గరి మనిషి, నువ్వయితే ఏ వైపూ కాదు, చేసేయి అన్నారు. సమయం లేదన్నది మాత్రం నిజం. ఆ వారాంతానికి టెక్స్ట్ అనువాదానికి పోవాలి.

ఆ మధ్యాహ్నం తిండి అంగళ్లు వరుసగా ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకుని కూర్చున్నాం. జరిగింది షకీలాకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమెకు తెలియకుండా ఆమె లేబుల్ మార్చే ఉద్దేశం నాకు లేదు. ఆమె ప్లేటు పక్కకు జరిపింది.

"ముస్లింను కాబట్టి ఆ సార్ నన్ను నమ్మడు. గ్రీకు చదువుకున్న కాబట్టి ఈ సార్ నమ్మడు. చువా మేడమ్‌కేమో ఇద్దరంటేనూ భయం," అంది. "నేనేం చేయల్ల, చెప్పండి."

 బంగారు సిరా లేబుల్ ఆమే రాసుకుంటే కనీసం ఆమె పేరు నిలుస్తుందని, ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలని నెమ్మదిగా అన్నాను.

"బంగారు సిరా ఎవరికైనా కనపడతాది, దానికి లేబుల్ ఎందుకు?" అంది. "నేను రాసింది తప్పయితే తప్పని చూపియ్యమనండి, తీసేస్తా. నేనెవరో చూసి తప్పు అనొద్దనండి. ఇద్దర్నీ పిలిపియ్యండి మేడమ్. ఆ పేజీ ముందర, ఆ నాణెం ముందర కూర్చోబెట్టండి. ఉత్తరాల్లో వద్దు."

రీడర్లను ఒకరికొకరిని చూపించడం మా నియమాలకు విరుద్ధం. డైరెక్టరు రాతపూర్వకంగా సడలిస్తే, రీడర్లు ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప కుదరదు. ఆ మూడూ సంపాదించడానికి నాకు రెండు రోజులు పట్టింది. మిసెస్ చువా ఒక షరతు పెట్టారు. ఆ ఒక్క సమావేశంలో తేలకపోతే బంగారు సిరా లేబులే వెళుతుంది, దాని మీద చర్చ లేదు.

గురువారం ఉదయం అధ్యయన గదిలో కలిశాం. వస్తువులను కేసులో పెట్టకముందు పరీక్షించే గది అది. పెన్నులు లోపలికి రానివ్వం, పెన్సిలు మాత్రమే. రాతప్రతిని మెత్తటి దిండ్ల మీద తెరిచి, నాణేన్ని ట్రేలో పెట్టాం. ఉస్తాజ్ వుడ్‌ల్యాండ్స్ నుంచి రైల్లో వచ్చారు, తల మీద నల్లటి సొంగ్‌కోక్ టోపీ, చేతిలో గొడుగు. ప్రొఫెసరు అప్పటికే వచ్చి నాణేన్ని భూతద్దంతో చూస్తున్నారు. మర్యాదలన్నీ అయ్యాక, మొదటి గంటంతా ఉత్తరాల్లో రాసుకున్నవే నోటితో చెప్పుకున్నారు. నేను గడియారం చూడకుండా ఉండటానికి పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.

అప్పుడు ప్రొఫెసరు దాచిపెట్టుకున్న అస్త్రం తీశారు. పాత అరబ్బీ రాతలో అచ్చుల గుర్తులు ఉండవు కదా, ఇదే వాక్యాన్ని వేరే అచ్చులతో చదివినవాళ్లు ఉన్నారని, అప్పుడు అర్థం తిరగబడి రోమన్లు గెలిచారని, తర్వాత ఓడిపోతారని వస్తుందని అన్నారు. అలాంటి వాక్యాన్ని పట్టుకుని ముందే చెప్పిందని ఎలా అంటారు?

ఉస్తాజ్ కొంచెం కూడా తొణకలేదు. ఆ సంగతి మీకెక్కడ దొరికిందని అడిగారు. ప్రొఫెసరు ఒక పాత వ్యాఖ్యానం పేరు చెప్పారు. అది ముస్లిం పండితులు రాసిందే. అలా కూడా చదివారని మా వాళ్లే రాసి పెట్టారు, ఎక్కువమంది ఒప్పుకోలేదని కూడా వాళ్లే రాశారు, నేనూ ఒప్పుకోను, అయినా ఎవరూ దాచలేదు కదా అన్నారు ఉస్తాజ్. ప్రొఫెసరు భూతద్దం కింద పెట్టేశారు.

తన వైపు గాలి వీచిందనుకుని ఉస్తాజ్ మళ్లీ గ్రీకు చరిత్రల రుజువు దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా నిలబడే ఉన్న షకీలా, కూర్చోవచ్చా అని అడిగి కూర్చుంది.

"ఉస్తాజ్, ఆ గ్రీకు రచయితల్లో ఎవరైనా ఈ అధ్యాయం విన్నట్టు రాశారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

లేదన్నారాయన.

"అయితే వాళ్లు చెప్పింది యుద్ధం గురించి మాత్రమే. ఈ అధ్యాయానికి వాళ్లను సాక్షులుగా నిలబెట్టలేం." తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగింది. "సర్, ఈ అధ్యాయం మొదట ఏ సంవత్సరం వినిపించారో బయటి ఆధారం లేదని మీరే రాశారు. మరి అది యుద్ధ వార్తలను ప్రతిబింబిస్తోందని మీకు ఏ ఆధారం చెప్పింది?"

ప్రొఫెసరు ముఖం ఎర్రబడింది. ఈ విషయం నువ్వు పుట్టకముందు నుంచి పాఠం చెబుతున్నాను అన్నారు. ఆమె క్షమించమంది, ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోలేదు.  చివరికి ఉస్తాజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మా చదువులో ఏ మాటైనా ఫలానా వారు చెప్పారని మొదలుపెట్టి చెప్పాలి, ఆ పేరు లేని మాటకు విలువ లేదు, ఈ లేబుల్‌లో చెప్పినవాళ్లు ఎక్కడ అని అడిగారు. ప్రొఫెసరు బల్ల మీద చెయ్యి వేసి, ఆరు వారాలుగా నేను అడుగుతున్నది అదే అన్నారు.

నా చేతిలో పెన్సిలు విరిగింది. ఇద్దరూ ఒకే మాట అడుగుతూ, అవతలివాడు ఒప్పుకోడన్న నమ్మకంతో మా ప్రాణాలు తీశారు. షకీలా మొదటి ప్రతిలోనూ దాదాపు అదే ఉంది. ఎవరు చెప్పారన్నది వాక్యం చివర ఉంది, ఇప్పుడు మొదటికి తెచ్చాం. ఆమె మొదటి ప్రతిని తీసి ఇద్దరి ముందూ పెట్టాను. ఇద్దరూ చదివారు. 

అయినా ఒక ముడి మిగిలింది. ప్రవక్త మక్కాలో ఉన్నప్పుడే ఈ అధ్యాయం వినిపించారని ముస్లిం సంప్రదాయం చెబుతుంది, బయటి ఆధారాల్లో దీని ప్రస్తావన లేదు అన్న వాక్యం ఉండాలని ప్రొఫెసరు పట్టుబట్టారు. రెండో సగం వద్దన్నారు ఉస్తాజ్, చదివేవాళ్లకు అది అనుమానంలా వినిపిస్తుందని. షకీలా 'ఇంతవరకు తెలిసిన' అన్న రెండు మాటలు ముందు చేర్చింది. ఉస్తాజ్ ఆ కాగితం దగ్గరికి తీసుకుని చదివారు. నాకు నచ్చలేదు, కానీ అబద్ధం కాదు, ఉంచండి అన్నారు. ప్రొఫెసరుకు కూడా ఆ రెండు మాటలు అనవసరమనే అనిపించింది. అబద్ధమని మాత్రం ఆయనా అనలేకపోయారు. మాటలు డెబ్బై దాటాయి. 'ప్రసిద్ధ', 'అరుదైన' అన్నవి నేను కొట్టేశాను.

చివరికి అచ్చయింది ఇది. ఖురాన్ ముప్పయ్యో అధ్యాయం, రోమన్లు దగ్గరి నేలలో ఓడిపోయారని, కొద్ది ఏళ్లలో గెలుస్తారని అంటుంది. గ్రీకులో రాసిన చరిత్రకారులు, 614లో పర్షియన్లు జెరూసలేం పట్టుకున్నారని, 628 నాటికి రోమన్లు గెలిచారని రాశారు. ముస్లిం సంప్రదాయం ఈ అధ్యాయాన్ని ప్రవక్త మక్కాలో ఉన్న కాలానిదిగా చెబుతుంది. ఇంతవరకు తెలిసిన బయటి ఆధారాల్లో దీని ప్రస్తావన లేదు. ఈ నాణెం ఆ యుద్ధకాలపు రోము చక్రవర్తిది.

మిసెస్ చువా రెండుసార్లు చదివి, ఇందులో ఇంత గొడవేముందని అడిగి సంతకం పెట్టారు. నేను ఆ కాగితాన్ని అనువాదానికి పంపేశాను.

ప్రదర్శన తెరిచాక ఫిర్యాదులు రెండు వచ్చాయి. మ్యూజియం మతప్రచారం చేస్తోందని ఒకరు, పవిత్ర గ్రంథం పక్కన సిలువ ఉన్న నాణెం పెట్టి అవమానించారని ఇంకొకరు. మిసెస్ చువా ఆ పూటే లేబుల్ తీసేయమన్నారు. షకీలా ఒక్క రోజు గడువడిగి, మొదటి ఫిర్యాదు ప్రొఫెసరుకు, రెండోది ఉస్తాజ్‌కు పంపింది. ప్రొఫెసరు రాసిన జవాబు రెండు పేజీలు వచ్చింది, దాన్ని ఏడు వాక్యాలకు దించడానికి నాకు ఒక మధ్యాహ్నం పోయింది. ఉస్తాజ్ ఏమీ రాయలేదు. ఫిర్యాదు చేసిన పెద్దమనిషికి ఫోన్ చేసి పిలిపించుకుని, కేసు ముందు నిలబడి ఆ ఐదు వాక్యాలూ మలయ్‌లో చదివి వినిపించారు. ఇందులో ఏ మాట అబద్ధమో చెప్పమని అడిగారట. ఆ పెద్దమనిషి, నాణేన్ని ఒక మెట్టు కింద పెడితే బాగుంటుందని చెప్పి వెళ్లారు. అది న్యాయమైన మాటే, రాతప్రతిని ఒక మెట్టు పైకి ఎత్తించాం. మిసెస్ చువా ఇక తీసేయమనలేదు, లేబుల్ చివరి రోజు దాకా ఉంది.

షకీలా ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. మంచి పండితురాలు, సంస్థ అవసరాల పట్ల అవగాహన ఇంకా పెరగాలి అని ఆమె ఫైల్లో రాశారు. ఆ వాక్యం ఎవరు చెప్పిందో, ఏ ఆధారంతో చెప్పిందో అందులో లేదని నేను డైరెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అందిందని జవాబు వచ్చింది, అంతే. ఆమె ఇక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలిగా చేరింది. వెళ్లేటప్పుడు నేను ఇంకేం చేయాలని అడిగితే, "ఆ లేబుల్ కాపీ ఒకటియ్యండి మేడమ్, మా నాయనకు పంపిస్తా" అంది. వాళ్ల నాన్న కర్నూలులో బళ్లో అరబ్బీ చెప్పేవారు.

ఆ తర్వాత నా చేతికి వచ్చిన ప్రతి లేబుల్‌లో మొదట చూసింది ఈ మాట ఎవరిదన్నదే. గ్రంథం చెప్పింది గ్రంథం పేరు మీద ఉండాలి, చరిత్రకారుడు చెప్పింది చరిత్రకారుడి పేరు మీద ఉండాలి. రెండూ ఒకే యుద్ధం గురించి మాట్లాడితే ఒకే కేసులో పెట్టవచ్చు. ఒకటి రెండోదాన్ని రుజువు చేసిందనో, ఒకటి రెండోదాని నుంచి పుట్టిందనో చెప్పే క్రియాపదం మాత్రం, దానికి వేరే ఆధారం దొరికేదాకా ఎడిటరు చేర్చకూడదు. మనుషులు నొచ్చుకుంటారని పైవాళ్లు అన్నప్పుడల్లా ఏ మనుషులని, వాళ్లను అడిగారా అని అడిగాను. రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నాను. అందుకు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. భయపడి తీసేసిన లేబుళ్లు మాత్రం మా మ్యూజియంలో అప్పటి నుంచి తగ్గాయి.